గౌరి దొడ్డిలోనే ఉంది

మా ప్రాంతంలో ఆవులు తప్పిపోవడం అనే సమస్య ఇక లేదండీ! మదనపల్లెలో మా టీమ్ దాన్ని రద్దు చేసేసింది.

ఎలాగంటారా? పట్టుపురుగులు ఆకు తినేశాక మల్బరీ పుల్లలు మిగుల్తాయి కదా, వాటినుంచి వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి నానో నార తీశాం. గంజితో కలిపి కాగితంలా పరిచి, పైన సర్క్యూట్ ముద్రించి, ఆవు ఎక్కడుందో యాప్‌లో చూపించే మెడపట్టీ చేశాం. ఎలా వంచినా వంగుతుంది! ప్లాస్టిక్ లేదు, పారేస్తే మట్టిలో కలిసిపోతుంది, అంతా ఆకూ అలమే!

మొదటి పట్టీ పుంగనూరు దగ్గర సిద్ధమ్మ గారి గౌరికి కట్టాం. పొట్టి ఆవు, ఈనే రోజులు. మెడ సరిగ్గా మేక మూతికి అందే ఎత్తులో ఉంటుంది.

కుప్పంలో సభ పెట్టి సిద్ధమ్మకు శాలువా కప్పాం. మా డైరెక్టర్ మునిచంద్ర సార్ మైకు అందుకున్నారు. "ఈ క్షణం నుంచి రైతు కళ్లకు విశ్రాంతి! ఆవును చూసుకునే పని యాప్‌ది!" తెర మీద సిద్ధమ్మ దొడ్డి, అందులో గౌరి పేరుతో పచ్చ చుక్క. ఒకటే చప్పట్లు!

"సుక్క కాదప్పా, గౌరి యాడ? తెల్లార్నుంచి కనపల్లేదు. ఈనేది, యాడ పడుండాదో ఏమో! నేనొచ్చింది శాలువాకి కాదు, మీ జీపు కోసరం. ఎతకాల."

"దొడ్డిలోనే ఉందమ్మా. చూడండి, నెమరు కూడా వేస్తోంది." సార్ తెర చూపించారు.

"దొడ్డిలో ఉండేది నా మేకప్పా! పట్టీ దాని నోట్లో ఏలాడతా ఉంటే నేనే సూస్తి!"

రైతుల్లో టెక్నాలజీ మీద అవగాహన ఇంకా పెరగాలని సార్ మరో అరగంట మాట్లాడారు. జీపు భోజనాలు తేవడానికి వెళ్లింది.

సిద్ధమ్మ శాలువా కుర్చీ మీద పెట్టి బస్సెక్కింది. పొద్దుగూకేలోపు మల్బరీ తోటలో గౌరి దొరికింది, పక్కన తడి ఆరని దూడతో. పేరు పెట్టి పిలిస్తే పలికిందట. పిలవడం అనే పద్ధతి మా ప్రాజెక్టులో లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చుక్క మాత్రం దొడ్డి నుంచి పెంటదిబ్బకు మారింది. అక్కడే మెల్లగా ఆరిపోయింది. మట్టిలో కలిసిపోతుందని చెప్పాం కదా, కలిసిపోయింది! యాప్ వెంటనే ఫొటోతో సహా పోస్టు పెట్టేసింది: "గౌరి ఇక లేదు."

సంతాప సభకు రమ్మని సార్ ఫోన్ చేస్తే, "ఇప్పుడు కుదర్దప్పా, గౌరి పాలు పిండతాండాను" అందట సిద్ధమ్మ. పాపం, షాక్‌లో ఉంది అన్నారు సార్.

ఆ పోస్టు కింద ఎన్ని దండాలు, ఎన్ని కన్నీటి బొమ్మలు! పుంగనూరు వాళ్లవే సగం. దొడ్డి దాకా వెళ్లి చూసినవాళ్లు లేరు గానీ, అందరూ బాగా ఏడ్చారు. మీరు పెట్టిన బొమ్మ కూడా చూశానండీ. లైకు కొట్టాను.