నలభై రెండు ముక్కల విదేశీ బొంత

తప్పంతా మీదే, ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని ఇంటర్నెట్టులో గుడ్డలమ్మే దుకాణందార్లారా! ముక్క కొలత చీమ తలకాయంత అక్షరాల్లో రాసి, ఫొటో మాత్రం గోడంత పెడతారా? మీతోపాటు పాత చీరను చూసి ముక్కు మూసుకునే వియ్యపురాళ్లదీ తప్పే. నాచారంలో వెంకటనర్సమ్మ పరువు బజారున పడబోయిందంటే ఆ పాపంలో మీకూ వాళ్లకూ సమాన వాటా ఉంది.

వెంకటనర్సమ్మ బొంతలు కుట్టే మనిషి. ఆ గల్లీలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె బొంత మీదే బోర్లా పడింది. ఇప్పుడు సొంత కూతురు గౌతమికే నెలలు నిండుతున్నాయి. ఆ బిడ్డ బొంత కోసం వెంకటనర్సమ్మ మెత్తబడిన నూలు చీరలు పదకొండు ఏరి, ఉతికి, మూట కట్టి పెట్టుకుంది.

సీమంతం నాడు ఉప్పల్ నుంచి వచ్చిన వియ్యపురాలు శ్యామలాదేవి ఆ మూటను చూసింది. ఆమె భర్త పెద్ద పరిశోధనశాలలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా మూడుసార్లు వడగట్టి తాగుతారు.

"పాత చీరలా వదినగారూ? పసిబిడ్డకు ఇన్‌ఫెక్షన్ వస్తుందేమో చూడండి. ఇప్పుడందరూ విదేశాల నుంచి ప్రత్యేకంగా బొంతల గుడ్డ తెప్పిస్తున్నారట" అనేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయింది. ఆమెకు అది ఒక మాట. వెంకటనర్సమ్మకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

మర్నాడు పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని కొడుకు శివ ముందు కూర్చుంది. శివ నాచారంలోనే బిస్కెట్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేస్తాడు.

"శివా, గా విదేశీ బట్టేదో ఫోన్ల సూడు బిడ్డా. మనుమడైనా మనుమరాలైనా దాని మీదనే పండాలె."

శివ వెతికాడు. కళ్లు పెద్దవి చేశాడు. "అమ్మా, గిదేందే! నలభై రెండు ముక్కలు పద్నాలుగు వందలకేనట. అచ్చంగ బొంతల బట్టనే."

"ఒక్కో ముక్క ఎంతుంటదిరా?"

"ఎంతుంటది, జాకెట్టు ముక్కంత ఉంటది. అంతకన్న చిన్నది ఎవడన్న అమ్ముతడా?"

ఆ ప్రశ్నకు నాచారంలో ఎవరిని అడిగినా అదే జవాబు వస్తుంది. దుకాణంలో ముక్క అని అమ్మితే అది ఒక జాకెట్టుకైనా సరిపోవాలి. అంతకంటే చిన్నదాన్ని దర్జీ చీపురుతో ఊడుస్తాడు, ఎవడూ కట్ట కట్టి అమ్మడు.

ఐదు కట్టలు కొంటే పంపే ఖర్చు ఉండదని ఉంది. ఆ మాట గోడ దాటింది. సాయంత్రానికి గల్లీలో నలుగురు ఆడవాళ్లు తలో కట్టకు పేరిచ్చారు. ఒకామె ఆరు జాకెట్లు, ఇంకొకామె ఇల్లంతా కర్టెన్లు అనుకుంది. వెంకటనర్సమ్మ ఛాతీ ఉప్పొంగింది. అదే ఊపులో, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే బండివాడు అరుచుకుంటూ వస్తే, పదకొండు చీరల మూట అతని చేతిలో పెట్టి ఒక బేసిన్ తీసుకుంది.

నెల తిరిగాక ఫోను మోగింది. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందట, ఆధార్ పంపాలట. పక్కింటి బుచ్చిరాములు అప్పుడే వాకిట్లో ఉన్నాడు. రైల్వేలో రిటైరైన మనిషి, ఫోనులో వచ్చే ప్రతి హెచ్చరికనూ గల్లీకి చదివి వినిపించడం ఆయన ప్రస్తుత ఉద్యోగం.

"పెట్టెయ్, పెట్టెయ్! గిదే మోసం! పార్సిలంటరు, ఆధారంటరు, ఫోన్లనే అరెస్టంటరు. నంబరు బ్లాక్ చెయ్‌రా శివా!"

శివ బ్లాక్ చేశాడు. తర్వాత తెలియని నంబరు ఏది వచ్చినా బ్లాక్ చేశాడు. ఒకసారి వెంకటనర్సమ్మే ఫోను లాక్కుని, అవతలి ఆడగొంతు "హలో, బిడ్డ గుడ్డల గురించి..." అనగానే అందుకుంది. "నీ గుడ్డల మన్నువడ! దొంగదానా, నాకు ఆధార్ లేదు, పో!"

ఈలోగా గౌతమికి ఆడపిల్ల పుట్టింది. బొంత లేదు. పిల్ల తువ్వాళ్ల మీద పడుకుంది. ఆ సంగతి గల్లీ మొత్తం గమనించింది. చివరికి బాలింత మంచం మీద నుంచే గౌతమి ఎవరికీ చెప్పకుండా కస్టమ్స్ వాళ్లకు ఆధార్ పంపించింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్. సరిగ్గా ముందు రోజు కొరియర్ పవన్‌కుమార్ పార్సిల్ పట్టుకుని వచ్చాడు.

బుచ్చిరాములు గేటు గొళ్లెం పెట్టేశాడు. "దొరికిండు! మోసగాడు ఇంటికే వచ్చిండు!"

"అన్నా, నాది మౌలాలి అన్నా! గీ డబ్బా తీస్కోని నన్ను ఇడువుండ్రి, ఇంక ఇరవై ఇండ్లు తిరగాలె" అని అతను మొత్తుకున్నాడు. గౌతమి లోపలి నుంచి అరిచి నిజం చెప్పేదాకా గొళ్లెం తియ్యలేదు.

డబ్బా తెరిచారు. ఒక్కో ముక్క అరచేయంత ఉంది. పువ్వులు, గీతలు, చిన్న చిన్న నక్కలు. మొత్తం రెండు వందల పది అరచేతులు.

"నర్సవ్వా, గిది జాకెట్టుకా, జాకెట్టు గుండీకా?" అంది కర్టెన్లనుకున్నామె.

వెంకటనర్సమ్మ బేసిన్ వైపు చూసింది. ముక్కల కింద వరసలు వరసలుగా పరవడానికి ఇంట్లో ఒక్క పాత నూలు చీర లేదు. వీధంతటికీ బొంత కుట్టిన మనిషి సొంత మనవరాలికి కుట్టలేదు. ఆ మాట రేపు వియ్యపురాలి ముందు తేలుతుంది.

తెల్లవారి శ్యామలాదేవి పెద్ద సంచితో దిగింది. ముఖం ముడుచుకుని ఉంది.

"కోపమొస్తే నాతో చెప్పాలి గాని వదినగారూ, కొత్త నంబరు నుంచి నేను ఫోన్ చేస్తే దొంగదానా అంటారా?"

శివ ఫోను జేబులోకి దోపాడు.

"పోనీలెండి. తప్పు నాదే. మా అత్తగారు నన్ను దులిపేశారు. పురిటి బిడ్డను పాత బట్టలో గాక కొత్త గుడ్డలో పడుకోబెడతారా అని. అది చెబుదామనే ఫోన్ చేశాను. మా ఇంట్లో అన్నీ సిల్కులే. అందుకని ఉప్పల్లో స్టీలు బండివాడి దగ్గర మెత్తని నూలు చీరలు కొని, మూడుసార్లు మరగబెట్టి తెచ్చాను."

సంచిలోంచి ఒక్కొక్కటీ తీసింది. మొదటిది ఆకుపచ్చది. కొంగు మూల ఇస్త్రీపెట్టె కాల్చిన గోధుమరంగు మచ్చ. గల్లీ ఆడవాళ్లందరికీ ఆ మచ్చ తెలుసు. శివ నోరు తెరిచాడు. వెంకటనర్సమ్మ అతని తొడ మెలిపెట్టింది.

"ఎవలియో గని, మంచి ఇంటోళ్ల చీరలు వదినా" అంది.

"చూడగానే నాకూ అలాగే అనిపించింది. వీటిని పెట్టడానికి ఒక గిన్నె ఇవ్వండి."

వెంకటనర్సమ్మ బేసిన్ తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నానికి ఐదుగురు ఆడవాళ్లు నాలుగు వైపులా కూర్చుని చిన్న బొంత కుట్టేశారు. లోపల పాత చీరలు, పైన నక్కల ముక్కలు. శ్యామలాదేవి సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట తీసుకుంది, ఎవరూ నవ్వలేదు, ఆమె ఎదురుగా. పిల్ల దాని మీద పడుకుని ముందుగా ఒక నక్కను తడిపింది.

కాబట్టి విదేశీ దుకాణందార్లారా, ఇవాళే, ఇప్పుడే, ప్రతి ముక్క పక్కనా ఒక మనిషి అరచేయి పెట్టి మళ్లీ ఫొటో తీయండి. బుచ్చిరాములు మౌలాలి వెళ్లి పవన్‌కుమార్‌కు చాయ్ తాగించాలి. ఇక స్టీలు బండివాడు, ఒకే మూటను రెండుసార్లు అమ్ముకున్నందుకు, వెంటనే వచ్చి రెండో బేసిన్ ఇచ్చిపోవాలి.