మాయమయ్యే ఊరిపై విచారణ

ప్రజలను భయపెట్టే అధికారం ప్రభుత్వానికి తప్ప వేరెవరికీ లేదన్నది అందరూ ఎరిగిన విషయమే. అలాంటిది సాక్షాత్తూ ప్రభుత్వ టీవీలోనే, శుక్రవారం సాయంత్రాల్లో, జపాను దేశపు దయ్యాల సీరియల్ ఒకటి మొదలైంది.

పుత్తూరు అవతల గుండ్లమిట్టలో పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా చేరింది. భాష ఎవరికీ రాదు. (తాలూకా ఆఫీసు తాఖీదులు వినీ వినీ, అర్థంకాని భాషకు ఊరు ఎప్పుడో అలవాటుపడింది.) కథ మాత్రం తేలిగ్గానే తెలిసింది. కొండల నడుమ ఒక పల్లె. అక్కడి మనుషులు నవ్వుతూ వంగి వంగి దండాలు పెడతారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఒక్కొక్కరే మాయమైపోతారు.

"ఇందులో జడుసుకునేదేముండాదప్పా?" అంది మునెమ్మ, టీవీ పెట్టే పంచాయతీ ప్యూను గురప్పతో. "మనూరికి వచ్చినోళ్లూ అంతే గదా. బళ్లో అయివోరు మాయం, పశువుల డాక్టరు మాయం. నర్సమ్మ వచ్చిన పొద్దే మాయం."

ఆమెను అదరగొట్టింది వేరే సంగతి. మాయమైనవాళ్లను వెతుక్కుంటూ టీవీలో పోలీసులు వచ్చారు! కూతురు పంకజాక్షికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందేమోనని మంత్రసాని అనుమానం. మునెమ్మకు కాలు నిలవడం లేదు. పోయిన నర్సును వెతికించుకోవచ్చని తెలిశాక ఆగుతుందా? మర్నాడే పుత్తూరు తాలూకా ఆఫీసుకు బయల్దేరింది.

ఆఫీసరు ధనంజయ గారు మర్యాదగానే విన్నారు. "నర్సు మాయం కావడమేందమ్మా? మీ ఊళ్లోనే పనిచేస్తా ఉండాది గదా!"

పక్క బల్ల దగ్గర, ఫ్యాను కింద మల్లెపూలు కట్టుకుంటున్న నర్సు సంతోషమ్మ తలెత్తింది. "అవునమ్మా, ఆడే ఉండాను."

"అయితే నాతో రా తల్లీ. నా కూతుర్ని ఒకసారి సూడు," అంటూ మునెమ్మ వంగి రెండు చేతులూ జోడించింది. బతిమాలేటప్పుడు కాస్త నవ్వడం కూడా ఆమెకు అలవాటు.

సంతోషమ్మ చేతిలో దండ జారిపోయింది. "సార్! సీరియల్లో గూడా ఇట్నే నవ్వి పిలుస్తారు సార్!"

విషయం ముదిరింది. అప్పటిదాకా బస్సు లేదనీ నీళ్లు పడవనీ పల్లెలకు వెళ్లని ఉద్యోగులందరికీ, భయం అనే గట్టి కారణం ఒకటి దొరికింది. వెంటనే ఆఫీసర్లతో పల్లెభయ నివారణ సంఘం ఏర్పడింది. సంఘం జీపులో గుండ్లమిట్టకు వచ్చింది, కోడికూర తిన్నది, పొద్దు గూకకముందే వెళ్లిపోయింది. (దయ్యాలను విచారించే అధికారం ఆఫీసు వేళలకే పరిమితం.)

నిర్ణయం వచ్చేసరికి మునెమ్మ, నొప్పులు పడుతున్న కూతుర్ని ఆసుపత్రికని ఎద్దులబండి ఎక్కిస్తోంది. గురప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఆర్డరొచ్చింది! మనూరికి వచ్చినోళ్లు మాయమయ్యేది నిజమేనంట. అందుకని ఈడుండే ఉద్యోగాలన్నీ తీసేసినారు. ఇంక మీదట ఎవురూ మాయం గారంట!"

మునెమ్మ కూతురి చెమట తుడిచింది. "దారిలోనే మేము పోతేనో?"

గురప్ప కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇది ఉద్యోగస్తులకు మాత్రమేనంటక్కా."