లాటిన్ తోక మహిమ

మా డచ్ భాషకు లాటిన్ తోకలు లేకపోయి ఉంటే మా మునిసిపాలిటీలో ఒక్కడికీ ఉద్యోగం ఉండేది కాదు!

నవ్వకండి. పౌర సంబంధాల అధికారిగా బాధ్యతతో చెబుతున్నాను. మా సొంత మాటలు వట్టి మొరటువి. పొట్టిగా ఉంటాయి, విన్నవాడికి వెంటనే అర్థమైపోతాయి. ఇంతకంటే ప్రమాదం ఉంటుందా? అదే మాటకు చివర ఒక 'ఆట్సీ' తగిలించండి, లేదా ఒక 'టైట్' అంటించండి. ఎవరు చేశారు, ఎవరికి చేశారు అన్నవన్నీ ఆ తోక కింద హాయిగా దాక్కుంటాయి!

మనిషిని ఉద్యోగంలోంచి పీకేస్తే పాపం. 'రెఓర్గనిసాట్సీ', అంటే పునర్వ్యవస్థీకరణ, జరిగితే? అది వాన పడ్డట్టు, ఎవరి తప్పూ కాదు. ఇంట్లో నేను గిన్నెలు కడగకపోవడం 'ప్రియొరిటైట్'కు, అంటే ఏ పని ముందు ఏది వెనక అన్నదానికి, సంబంధించిన విషయం. మా ఆవిడ మాత్రం దాన్ని బద్ధకం అంటుంది. ఆవిడకు లాటిన్ పట్టుబడలేదు, ఏం చేస్తాం!

క్లోస్టర్‌హోర్న్ సంగతే చూడండి. ఆ పల్లెకు బస్సు ఆపేస్తున్నామని చెప్పిరమ్మని నన్ను పంపారు. ఊరి హాల్లో జనం మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. నేను లేచి రాకపోకల 'మొబిలిటైట్' గురించి, దాన్ని మెరుగుపరిచే 'ఒప్టిమలిసాట్సీ' గురించి, అందులో ప్రజలు పాలుపంచుకునే 'పార్టిసిపాట్సీ' గురించి దంచేశాను. బస్సు అన్న మాట మాత్రం నోట రానివ్వలేదు. చప్పట్లు కొట్టారు! కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేసే దేశం మాది. ఆ పూట నాకు రెండో బిస్కెట్ ఇచ్చారు.

బయటికొస్తుంటే రూల్ఫీన్ అనే ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. వారానికి మూడుసార్లు పట్నం ఆస్పత్రికి డయాలిసిస్‌కి వెళ్లే మనిషి.

"భలే చెప్పావు నాయనా, ఒక్క ముక్కా అర్థం కాలేదనుకో. ఇంతకీ సోమవారం బస్సు వస్తుందా, రాదా?"

"అదీ... 'రెయలిసాట్సీ' దశలో ఉందండీ."

"అమ్మయ్య! తీసేస్తారేమోనని హడలి చచ్చాను."

రాదు అనాలి. అమలవుతోంది అన్నదానికే ఆ తోక తగిలించి, నా కారెక్కేశాను.

సోమవారం ఆవిడ వానలో బస్టాపులో నిలబడి ఉంటుందని తెలుసు. ఆ రోజు తెల్లారగానే నా కారు వేసుకుని వెళ్లాను. ఆవిడ గొడుగు మూసి, ఎక్కి కూర్చుంది.

"కొత్త బస్సు చిన్నదేగానీ మెత్తగా ఉందయ్యా. బుధవారం మా చెల్లెలూ వస్తుంది, మా ఎదురింటి ఆలుమగలు కూడానూ. కాస్త టైముకి తగలడు!"

అలా వారానికి మూడు రోజులు నేనే ఆ ఊరి మొబిలిటైట్‌ని. ఆలస్యమైతే తిట్లు తింటున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆఫీసులో ఇన్నేళ్లుగా విన్న పొగడ్తలకంటే ఆ తిట్లే హాయిగా ఉన్నాయి.

నిన్న మా పెద్దసారు పిలిచి భుజం తట్టారు.

"క్లోస్టర్‌హోర్న్‌లో బస్సు తీసేసినా ఒక్క ఫిర్యాదూ రాలేదోయ్ హార్మెన్! అంటే జనానికి అసలు బస్సే అక్కర్లేదన్నమాట. అందుకే పక్క ఊరిదీ పీకేస్తున్నాం. నువ్వే వెళ్లి చెప్పాలి. నీలా ఇంకెవరు చెప్పగలరు!"

వద్దండీ, వాళ్లకు బస్సు కావాలండీ అనాలి. అన్నానా?

"అద్భుతమైన ఇనోవాట్సీ సార్" అన్నాను.

నా కారులో ఇక ఒక్క సీటు కూడా ఖాళీ లేదు.