సర్వర్‌కు పది నిమిషాల తొందర

ఆ రోజు ఉదయం తొందరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఐదున్నరలోగా క్రెష్ గుమ్మం ఎక్కాలి, రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఇంటికి రావాలి. రాజ్యాలేలే పథకమేమీ కాదు. అయినా ఆ చిన్న పనే మూడు వారాలుగా ఆమె చేతికి చిక్కడం లేదు. రోజూ మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో ఆలస్యం. క్రెష్ నడిపే పెద్దావిడ నిన్న పిల్లని అందిస్తూ మెత్తగానే చెప్పింది.

"నీ మీద కోపం లేదమ్మా. కానీ నాకూ ఒక ఇల్లుంది. రేపు ఐదున్నర దాటిందంటే మాత్రం నీ పిల్ల చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. తొమ్మిది మంది కాచుక్కూర్చున్నారు."

ఆ చోటు పోతే పిల్లని చూసుకునే దిక్కు లేదు. పిల్లని చూసుకునే దిక్కు లేకపోతే ఉద్యోగం లేదు. పదో తరగతి మధ్యలో ఆగిపోయిన చదువుకి రక్తపరీక్షల ల్యాబులో రిసెప్షన్ బల్ల దొరకడమే గొప్ప అని ఆమె రోజూ లోలోపల దండం పెట్టుకునేది.

తొందరమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ల్యాబులో అందరూ కలిసి పెట్టింది. ఆలస్యమంటే ఆమెకు పామును చూసినంత భయం. ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. వంటింట్లోది పదిహేను. ఇక ఆమె ఫోను సంగతి వేరు. "ఎంత జరిపారో నాకు మాత్రం చెప్పొద్దు. చెబితే మనసులో తీసేసుకుంటాను" అని భర్త చేతికిచ్చింది. ఇళ్లకు రంగులు వేసుకునే ఆ మనిషి చెప్పినట్టే ఎంతో కొంత జరిపాడు, చెప్పినట్టే చెప్పలేదు, ఆ తరవాత తానూ మరిచిపోయాడు.

"ఏమండీ, ఇప్పుడు టైమెంత?" అని ఆ ఉదయం పిల్లకి గౌను తొడుగుతూ అడిగింది.

"ఏ గడియారంలో?"

"నిజంగా ఎంతండీ?"

"నిజం కావాలంటే వీధిలోకెళ్లి ఎవర్నైనా అడగాలి."

నవ్వే తీరిక లేక ఆమె పిల్లనెత్తుకుని పరుగెత్తింది.

ల్యాబులో ఫోన్లు పనికిరావు. గుమ్మం దగ్గరే లాకర్లో పెట్టి తాళం వేసుకోవాలి. గోడ గడియారాలూ లేవు, బల్లకో కంప్యూటరుండగా దండగని డాక్టరమ్మ తీయించేసింది. ఆ ల్యాబు ఆవిడదే. కంప్యూటర్లన్నిటినీ నడిపే పెద్ద మిషను రిసెప్షన్ వెనక అలమరలాంటి గదిలో ఉంటుంది. దాని తమ్ముడులాంటి చిన్న మిషను పై అంతస్తులో ఉంటుంది. రెండూ విండోస్ సర్వర్లే. వాటిని సాకే మనిషిని అందరూ సర్వరన్న అంటారు. మంచివాడు. ఒకటే బలహీనత, తన మిషన్ల గొప్పలు చెప్పుకోవడం.

"చూడు చెల్లెమ్మా, ఈ భవనంలో ఏ కంప్యూటరూ సొంతంగా టైము చూసుకోదు. అన్నీ దీని మొహమే చూస్తాయి. గుమ్మం దగ్గర మనం హాజరుకి వేలు పెట్టే మిషను కూడా. ఇది ఐదంటే ఐదు" అని కిందటి వారమే చెప్పాడు.

ఆ మాట అప్పుడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. పదకొండు గంటలప్పుడు సర్వరన్న ఆ గది తలుపు తీసి, "ఏసీ నీళ్లు కారుతోంది, మేస్త్రీని పిలుచుకొస్తా. రెండు నిమిషాలు చూస్తుండు, ఎవర్నీ లోపలికి రానివ్వకు" అని వెళ్లేసరికి ఆ మాట మళ్లీ చెవిలో మోగింది.

లోపల తెర వెలుగుతోంది. మూలన టైము కనబడుతోంది. తొందరమ్మ ఎవర్నీ లోపలికి రానివ్వలేదు, తాను మాత్రం వెళ్లింది.

తప్పని ఆమెకు తెలుసు. కానీ పది నిమిషాలు ముందుకు జరిపితే భవనమంతా పది నిమిషాల ముందు ఇంటికి పోతుంది. ఎవరికి నష్టం? అందరి పిల్లలూ సంతోషిస్తారు. ఇంట్లో ఇన్ని గడియారాలు తిప్పిన చేతికి ఇదొక లెక్కా? నాలుగు నొక్కులు నొక్కింది. మూలన పదకొండూ ఐదు కాస్తా పదకొండుంపావు అయింది. గబగబా తన బల్ల దగ్గరికి వచ్చి పడింది.

అరగంట గడవలేదు, పై అంతస్తు టెక్నీషియన్ అక్క మెట్ల మీంచే కేకేసింది. "ఏవయ్యా సర్వరన్నా! నా కంప్యూటరు నన్ను లోపలికి రానివ్వట్లేదు. పదమూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నా, నేనెవరో తెలీదంటోంది."

"పాస్‌వర్డ్ తప్పు కొట్టుంటావులే."

"నా కూతురి పుట్టినరోజు నేను తప్పు కొడతానా?"

అప్పటికే ఆవిడ దాన్ని ఆరుసార్లు కొట్టింది, ఏడోసారి కొట్టేసరికి ఆవిడ ఖాతాకి తాళం పడింది. సర్వరన్న తాళం తీశాడు. పని జరగలేదు. తీగ లూజైందేమోనని ఒకటి పీకాడు. అది ప్రింటర్ తీగ. కింద రిపోర్టులు ఆగిపోయాయి. దాన్ని మళ్లీ పెట్టి, పై సర్వర్ని ఆపి మొదలుపెట్టాడు. ఈసారి పై అంతస్తు అంతా ఆగిపోయింది.

ఇంతలో రక్తం ఇచ్చి కూర్చున్న ఒక తాతగారు రిసెప్షన్ బల్ల మీద తన రిపోర్టు చీటీ పెట్టాడు. "అమ్మాయీ, కాస్త చదివి చెప్పు. నా కళ్లు సరిగ్గా ఆనట్లేదు."

తొందరమ్మ చదివింది. రక్తం తీసిన టైము పదకొండూ నలభై. పై అంతస్తులో పరీక్ష పూర్తయిన టైము పదకొండూ ముప్పై నాలుగు.

"అంటే తియ్యకముందే చూసేశారా?" అన్నాడు తాతగారు కళ్లు పెద్దవి చేసి. "ఆ ముక్క ముందే చెబితే సూది పొడిపించుకునేవాణ్ని కాదుగా!"

పక్క కుర్చీలోని ఆవిడ వెంటనే తన చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయితే నాది కూడా చూసేసి ఉంటారు. ఒకసారి వెతకండి." క్షణంలో ఆ మాట వరసంతా పాకింది. తొమ్మిది మంది సూదికి చెయ్యివ్వబోమని భీష్మించుకుని, రిపోర్టు మాత్రం కావాలని కూర్చున్నారు.

గొడవ విని డాక్టరమ్మ దిగొచ్చింది. ఆవిడకి అన్ని జబ్బులకీ మందు తెలుసు, కంప్యూటర్ జబ్బులన్నిటికీ మాత్రం ఒకటే పేరు తెలుసు.

"ఎవరో దొంగ లోపలికి చొరబడ్డాడు. అందరూ పాస్‌వర్డ్‌లు మార్చెయ్యండి, ఇప్పుడే!"

"మేడమ్, ఒక్క పావుగంట ఆగితే..." అన్నాడు సర్వరన్న.

"ఇల్లు కాలుతుంటే పావుగంట ఆగుతామా?"

అందరూ మార్చారు. కొత్త పాస్‌వర్డ్ పెద్ద సర్వర్‌కు తెలిసింది. చిన్న సర్వర్ మాత్రం అన్నలాంటి ఆ పెద్దది చెప్పే మాట ఒక్కటీ వినే స్థితిలో లేదు. పైవాళ్లు కొత్తది కొడితే చిన్నది తన్నింది, పాతది కొడితే పెద్దది తన్నింది. కొందరు మరిచిపోకుండా చీటీల మీద రాసుకున్నారు. ఫ్యాన్ గాలికి చీటీలు కలగలిసిపోయాయి. ఒకరి పాస్‌వర్డ్ ఒకరు కొట్టి తాళాలు వేయించుకున్నారు. మూడయ్యేసరికి లోపలికి వెళ్లగలిగిన మనిషి భవనంలో ఒక్కరూ మిగల్లేదు.

తొందరమ్మ ఇదంతా చూస్తూ తనకి తాను సర్దిచెప్పుకుంటోంది. 'నేను జరిపింది పది నిమిషాలే కదా. పది నిమిషాలకి ఇంత ప్రళయం వస్తుందా? ఇది వేరే గొడవే అయ్యుంటుంది.' అలా అనుకున్న ప్రతిసారీ చూపు మాత్రం అలమర గది తలుపు వైపే పోయేది.

నాలుగున్నరకి డాక్టరమ్మ గుమ్మం మూయించింది. "దొంగ లోపలివాళ్లలోనే ఉండొచ్చు. సంగతి తేలేదాకా ఎవరూ బయటికి పోవడానికి వీల్లేదు."

పది నిమిషాలు ముందు పోదామని తొందరమ్మ చేసిన పని, అసలు పోకుండా చేసింది. క్రెష్‌లో ఒక్కొక్కరినే తల్లులు తీసుకుపోతుంటే తలుపు వైపు చూస్తూ నిలబడే కూతురి మొహం కళ్ల ముందు మెదిలింది. ఏం చెయ్యాలో తోచక తన బల్ల మీది కంప్యూటరు వంకే చూసింది. తెర మీద ఉదయం నుంచి అందరికీ వస్తున్న ఆ చిన్న డబ్బా వచ్చి ఉంది. బాగా చదువుకున్నవాళ్లు అలాంటి డబ్బా కనబడగానే చదవకుండా ఓకే నొక్కేస్తారు. తొందరమ్మది మధ్యలో ఆగిన ఇంగ్లీషు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మొదట 'టైము' అన్న మాట తగిలింది. కాసేపటికి 'తేడా' అన్న మాట తగిలింది. ఆ తరవాత ఇంక చదవక్కర్లేకపోయింది.

లేచి తిన్నగా అలమర గదిలోకి వెళ్లింది. సర్వరన్న నేల మీద బాసింపట్టు వేసుకుని, తీగల మధ్య చిక్కుకుని ఉన్నాడు.

"అన్నయ్యా, దొంగని నేనే."

"నువ్వా? నీకు మౌసు పట్టుకోవడమే భయం కదమ్మా!"

"పెద్ద మిషను టైము పది నిమిషాలు ముందుకు జరిపాను. పిల్ల కోసం. క్రెష్‌లో చోటు పోతుందని." అంతవరకూ బాగానే చెప్పింది, ఆ తరవాత ఏడుపొచ్చింది.

సర్వరన్న చేతిలోని తీగ జారిపోయింది. "పది నిమిషాలా!" అని నెత్తి కొట్టుకున్నాడు. "ఈ రెండు మిషన్ల మధ్య ఐదు నిమిషాల దాకా తేడా ఉంటే సర్దుకుపోతాయమ్మా. ఐదు దాటిందా, ఒకదాన్నొకటి నమ్మవు. ఎదురుగా నిలబడినా నువ్వెవరంటాయి. చిన్నది నీ కొత్త టైము నమ్మక పాతదాంట్లోనే ఉండిపోయింది. పొద్దుట్నుంచి నేను వెతకని చోటు లేదు. మూలనున్న టైము తప్ప."

"నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లండి."

"ముందు ఇది సరిచెయ్యనీ. సరైన టైము ఎంతో చూడాలిగా." ఆయన డాక్టరమ్మ అనుమతి తీసుకుని, లాకర్లోంచి తన ఫోను తెచ్చాడు. ఫోను వంక చూశాడు, తెర వంక చూశాడు. మళ్లీ ఫోను వంక చూశాడు. మొహం పాలిపోయింది.

"ఏమైందన్నయ్యా? ఇంకా ఎక్కువ జరిపానా?"

"లేదు." గొంతు తగ్గించాడు. "నువ్వు పది నిమిషాలు ముందుకి జరిపావు. అయినా ఇది అసలు టైము కంటే ఒక్క నిమిషమే ముందుంది."

తొందరమ్మకి లెక్కలంటే బడి రోజుల నుంచీ భయమే. అయినా ఈ లెక్క ఆమెకి వెంటనే అర్థమైంది. ఇన్నాళ్లూ ఈ మిషను తొమ్మిది నిమిషాలు వెనక నడిచింది. తాను ఐదింటికని బయల్దేరినప్పుడల్లా బయట ఐదూ తొమ్మిది. నడవడానికి పాతిక నిమిషాలు. మూడు వారాలుగా తన కాళ్లే మందగించాయనుకుంది. నడక చాలడం లేదని, మంచి తల్లిని కాలేకపోయానని, ప్రతి రాత్రీ పక్క మీద కుమిలింది.

"లోపలుండే బిళ్లంత బ్యాటరీ చచ్చిపోతోంది" అన్నాడు సర్వరన్న, తప్పు చేసిన పిల్లాడిలా. "మెల్లమెల్లగా వెనకబడింది. అన్నీ దీని వెంటే వెనకబడ్డాయి కాబట్టి ఎవరికీ తెలీలేదు. బయటి టైముతో సరిచూసుకునేలా పెట్టాల్సింది నేనే, పెట్టలేదు. అందరూ కలిసి తప్పులో ఉన్నంతకాలం ఏ గొడవా లేదు చూడు. ఒక్కటి నిజానికి దగ్గరికొచ్చేసరికి కొంప కూలింది."

తలుపు దగ్గర చప్పుడైంది. డాక్టరమ్మ ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు. తొందరమ్మ రెండు చేతులూ జోడించింది. సర్వరన్న ఆమెకి అడ్డంగా వచ్చాడు. "మేడమ్, తప్పు నాది. ఈ అమ్మాయి టైము జరపకపోతే ఇది బయటపడేది కాదు."

"ఇద్దరిదీ" అంది డాక్టరమ్మ. "నువ్వమ్మా, ఇంకోసారి ఈ గది వంక చూశావంటే ఊరుకోను. సూదికి ముందే రిపోర్టు ఇచ్చిన ల్యాబని ఊరంతా చెప్పుకుంటుంది." కాస్త ఆగి ఫోనులో టైము చూసింది. "ఐదవుతోంది. అసలు ఐదు. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? నీ పిల్ల ఎదురుచూడదూ?"

"మేడమ్..."

"దండాలు రేపు పెట్టుకో. వెళ్లు!"

తొందరమ్మ వెళ్లింది. పరుగెత్తలేదు. ఎన్నాళ్లకో మామూలుగా నడిచింది, వీధిలో ఎదురైన ప్రతి మనిషికీ మనసులోనే నమస్కారం పెట్టుకుంటూ. భర్తకి, సర్వరన్నకి, తన కోసం కోపం దాచుకున్న డాక్టరమ్మకి, అన్నిటికంటే ముందు ఏ పాపమూ ఎరగని తన రెండు కాళ్లకి.

క్రెష్ తలుపు తీసిన పెద్దావిడ గోడ వంక చూసి, ఆమె వంక చూసింది. ఐదూ ఇరవై నాలుగు.

"ఇంత తొందరగా వచ్చావేమిటే తల్లీ! పిల్లకింకా చెప్పులే తొడగలేదు."

"తొందరేం లేదు పెద్దమ్మా, తొడగండి. నేను కూర్చుంటాను" అంది తొందరమ్మ. అలా అనడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. పిల్ల ఒక చెప్పుతో పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడింది. పెద్దావిడ రెండో చెప్పు వెతుకుతూ, "చోటు సంగతి మరిచిపో, నేనూ మరిచిపోయాను" అంది. తొందరమ్మ కళ్లు తుడుచుకుంటూ తలూపింది.

సర్వరన్న కొత్త బ్యాటరీ వేసి, తాళాలన్నీ తీసి ఇంటికెళ్లాడు. మర్నాడు ఉదయం ల్యాబు గుమ్మం దగ్గరి మిషను చాలా రోజుల తరవాత సరైన టైము చూపించి, ఎప్పటిలాగే వచ్చిన పదిహేడు మందీ ఆలస్యంగా వచ్చారని రాసుకుంది, అందులో మొదటి పేరు డాక్టరమ్మది.