తాళం వేసిన ఇంటికి ప్రశంసాపత్రం

రాష్ట్రంలో కరెంటు కొరతకు కారణం మనుషులు కారనీ, మనుషులు లేని ఇళ్లేననీ రెండు వేల ఆరో సంవత్సరంలో తేలిపోయింది. మనుషులున్న ఇంట్లో కరెంటు ఎందుకు ఖర్చవుతుందో ఎవరైనా చెప్పగలరు. తాళం వేసిన ఇంట్లో ఖర్చయ్యే కరెంటు మాత్రం ఎవరికీ జవాబుదారీ కాదు. ఈ సత్యాన్ని కనిపెట్టడానికి ఒక ఉన్నతస్థాయి సంఘం ఇళ్లూ వాకిళ్లూ వదిలి, పద్నాలుగు నెలలపాటు అతిథి గృహాల్లో ఏసీ వేసుకుని కూర్చుంది. (ఆ పద్నాలుగు నెలలూ సంఘ సభ్యుల ఇళ్లు ఖాళీగానే ఉన్నాయి కనుక, వాళ్లది స్వానుభవమనే చెప్పాలి.) దాని ఫలితంగా ‘నిర్జన గృహ విద్యుత్ మితవ్యయ విభాగం’ పుట్టింది. విభాగానికో ఆఫీసు, ఆఫీసుకో జీపు, జీపుకో డ్రైవరు సమకూరాక, చివరికి పదకొండు నిబంధనలతో ఒక పసుపు రంగు కరపత్రం కూడా వచ్చింది.

ఆ కరపత్రాన్ని మొదటి అక్షరం నుంచి ముద్రాపకుడి పేరు దాకా చదివినవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడే. అతను బానోతు లాల్‌సింగ్ మాస్టారు.

లాల్‌సింగ్ సొంతిల్లు పెనుబల్లి పక్క రాళ్లకుంట తండాలో. ఉద్యోగం చర్ల దాటాక, వాగు దాటాక, ఇక దాటడానికేమీ మిగలని చోట ఉన్న వెదురుగుంపులో. అక్కడి ఒంటిగది బడికి అతనే పంతులు, అతని భార్య హేమ్లి విద్యా వలంటీరు. ఇద్దరూ బడి వెనక తడికెల గదిలో కాపురం పెట్టారు. (పని చేసే ఊళ్లోనే కాపురముండే పంతులు కావడం వల్ల పై అధికారులకు అతని మీద మొదటినుంచీ కొంత అనుమానం ఉండేది.) వెదురుగుంపుకు కరెంటు లేదు. స్తంభాలు వాగు ఇవతల పోలీసు క్యాంపు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాయి. తండాలో ఇంటికి కరెంటు ఉంది. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక టీవీ. ఆ మూడింటినీ చూడటానికి దంపతులు నెలకోసారి పొద్దున బస్సుకొచ్చి, ఇల్లూడ్చి, మధ్యాహ్నం బస్సుకు తిరిగిపోయేవారు.

కరపత్రం చదివాక లాల్‌సింగ్ ఊరుకోలేదు. స్విచ్చులన్నీ ఆపాడు. టీవీ వైరు పీకాడు. మెయిన్ దించాడు. అప్పటికీ మనసొప్పక ఫ్యూజు ఊడదీసి, చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకున్నాడు.

“గదేంది, తాళంచెవి లెక్క ఎంట తీసుకపోతున్నవ్?” అంది హేమ్లి.

“ఇంట్ల ఎవరు లేనప్పుడు ఒక్క యూనిట్ గూడ కాలొద్దని రాసిండ్రు.”

“రాసినోళ్లు పీకిండ్రా వాళ్ల ఫ్యూజులు?”

లాల్‌సింగ్ కరపత్రం మళ్లీ తిరగేశాడు. నిబంధనల్లో ఆ ప్రస్తావన లేదు.

డిసెంబరు, జనవరి నెలలకు మీటరు చూసే పిచ్చయ్య వచ్చి సున్నా రాసుకుపోయాడు. ఫిబ్రవరి, మార్చి నెలలకూ సున్నాయే. ఆఫీసులో కంప్యూటరు ఆ సున్నాలు రెండింటినీ చూసి బెదిరిపోయింది. ఏప్రిల్‌లో బడికి సెలవులిచ్చి దంపతులు ఇల్లు చేరేసరికి తలుపు సందులో నోటీసు ఉంది.

‘తమ గృహమునందు వరుసగా రెండు పర్యాయములు వినియోగము శూన్యముగా నమోదైనది. దీనిని బట్టి సదరు గృహమున (అ) కరెంటు దొంగిలించబడుచున్నది, లేదా (ఆ) మీటరు మరణించినది, లేదా (ఇ) గృహమే లేదు. ఈ మూడింటిలో ఏది నిజమో పదిహేను దినములలో తెలుపనిచో మీటరును, దాని నిమిత్తము మంజూరైన స్తంభమును తొలగించెదము.’

లాల్‌సింగ్ నోటీసు పైకి చదువుతుంటే, ‘స్తంభం’ అన్న మాట దగ్గర హేమ్లి చేతిలో చీపురు ఆగింది. ఆ స్తంభం ఊరికే రాలేదు. దానికోసం ఆమె నాలుగేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆ మీటరు ఆమె పేరు మీదే ఉంది. బిగించిన రోజున బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లైన్‌మన్‌కు కోడిని కోసి పెట్టింది. వెనక వరుసలో ఉన్న నాలుగిళ్లకూ తీగలు ఆ స్తంభం మీదనుంచే పోతున్నాయి. అది పోతే ఆ నాలుగిళ్లలోనూ చీకటే.

“జల్దీ అంగీ తొడుక్కో. పోదాం,” అంది.

విభాగం ఇన్‌స్పెక్టరు పేరు బాలకృష్ణ. మర్యాదస్తుడు. ఎవరొచ్చినా కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, తర్వాతే లేదనేవాడు. ఆయన గదిలో నాలుగు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. వాటి వెలుతురులో గోడ మీద ‘పగటిపూట దీపమేల?’ అన్న నినాదం చక్కగా కనబడుతోంది.

“సార్, వాడొద్దన్నరు. మేం వాడలే. తప్పేంది?” అన్నాడు లాల్‌సింగ్.

“వాడొద్దని ఎవరన్నారు మాస్టారూ? తగ్గించమన్నాం. సరే, ముందు రెండు నెలలు మీరెంత వాడారు?”

“సున్నా సార్.”

“తర్వాత రెండు నెలలు?”

“సున్నా.”

“మరి తగ్గిందెక్కడ?”

లాల్‌సింగ్ పదకొండేళ్లుగా తీసివేతలు నేర్పుతున్నాడు. సున్నాలోంచి సున్నా పోతే మిగిలేది నోటీసేనని ఏ వాచకంలోనూ లేదు.

అయినా బాలకృష్ణ కఠినుడు కాదు. నోటీసు ప్రకారం వేటు వేసేముందు తనిఖీ చేయడం న్యాయమన్నాడు. మర్నాడే పిచ్చయ్యను వెంటబెట్టుకుని జీపులో తండాకు వచ్చాడు. వాకిట్లో నిలబడి, నాలుగో నిబంధన చదివి వినిపించాడు. తనిఖీ జరిగే సమయానికి ఇంట్లో ఎవరూ ఉండకూడదు.

“మేం చింతచెట్టు కింద నిలబడ్తం సార్. మీరు లోపలికి పోయి చూసుకోండి,” అన్నాడు లాల్‌సింగ్.

“నేను లోపలికెళ్తే ఇంట్లో మనిషి ఉన్నట్టే కదా?”

“పిచ్చయ్యను పంపుండ్రి మరి.”

బాలకృష్ణ పిచ్చయ్య వంక చూశాడు. పిచ్చయ్య తనూ మనిషేనని ఒప్పుకున్నాడు.

కిటికీలోంచి చూడటమే చట్టబద్ధమని తేలింది. కిటికీ మూసి ఉంది. దాన్ని లోపలినుంచి గడియపెట్టాలన్నది ఆరో నిబంధన. ఇన్‌స్పెక్టరు మూసిన కిటికీ రెక్కను చాలాసేపు శ్రద్ధగా పరిశీలించి, కాగితం మీద ‘సంతృప్తికరం’ అని రాశాడు. తర్వాత దాన్ని కొట్టేసి, ‘నిర్ధారించలేము’ అని రాశాడు.

హేమ్లికి ఓపిక అయిపోయింది. “గట్ల కాదు సార్. మా మీటరు మాకు ఉండాల్నంటే ఏం జెయ్యాలె? ఒక్క మాట చెప్పుండ్రి.”

“అదేం బ్రహ్మవిద్య కాదమ్మా,” అన్నాడు బాలకృష్ణ ప్రేమగా. “ముందు వాడండి. రెండు నెలలు బాగా వాడండి. తర్వాత రెండు నెలలు దాన్ని తగ్గించండి. ముప్పై శాతానికి తక్కువ కాకుండా, నలభైకి మించకుండా తగ్గితే మీకు పొదుపరులని పేరొస్తుంది. నలభై దాటితే మళ్లీ అనుమానంలోకి పోతారు.”

“ఇప్పుడు ఎండాకాలం సెలవుల్ల ఇంట్లనే ఉన్నం గద సార్. ఫ్యాను పొద్దంత తిరుగుతనే ఉంది. గది లెక్క రాసుకోరాదు?”

“ఇప్పుడు మీరు ఉన్నారు కదమ్మా. మీరు లేనప్పుడు వాడింది కావాలి.”

వెనక వరుస ఇళ్లవాళ్లు గడపల్లో నిలబడి వింటున్నారు. మధ్యింటి బాలింత చంకలో పిల్లను సర్దుకుంటూ హేమ్లినే చూస్తోంది.

“సరే సార్,” అంది హేమ్లి. “వాడుతం.”

జూన్‌లో బడి తెరిచే రోజున లాల్‌సింగ్ ఈసారి ఫ్యూజు పీకలేదు. బల్బు వేశాడు. ఫ్యాను ఐదు మీద పెట్టాడు. టీవీ పెట్టాడు. పెట్టి, తలుపుకు తాళం వేశాడు. కట్టేసిన గొడ్డును వదిలి పోతున్నట్టుందని హేమ్లితో అన్నాడు. బస్సెక్కేదాకా మూడుసార్లు వెనక్కి చూశాడు.

తండాకు ఆ రెండు నెలలూ మంచి కాలక్షేపమైంది. సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లు తాళం వేసిన తలుపు ముందు చాపలు పరుచుకుని, లోపలినుంచి వినబడే సీరియల్‌ను చెవులతో చూసేవారు. కరెంటు పోయి వచ్చినా టీవీ దానంతటదే మళ్లీ మొదలుపెట్టేది. పిచ్చయ్య మీటరు చూడటానికొచ్చి, కథ మధ్యలో ఉందని ఆగి కూర్చున్నాడు. మీటరు రెండు వందల పది యూనిట్లు తిరిగింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ దంపతులు అందులో పావు వంతు కూడా ఏనాడూ కాల్చలేదు. (ఆ బిల్లు ఎంతొచ్చిందో హేమ్లి ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మొగుడికి కూడా.)

వెదురుగుంపులో ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. మబ్బు కమ్మితే బడి గది మిట్టమధ్యాహ్నమే మసకబారేది. ముప్పై ఒక్క మంది పిల్లలు పలకల్ని కళ్లకు ఆనించుకుని దిద్దేవారు. గుమ్మం దగ్గర వెలుతురు ఎక్కువ కనుక అక్కడ కూర్చోవడానికి వంతులు పెట్టాల్సొచ్చింది. ఒకనాడు అట్లాంటి చీకట్లో లాల్‌సింగ్ ‘విద్యుత్తు – ఉపయోగాలు’ పాఠం మొదలుపెట్టాడు. కరెంటుతో దీపం వెలుగుతుందనీ, గాలి వస్తుందనీ, బొమ్మలు కనబడతాయనీ చెప్పాడు. అవన్నీ ఎవరింట్లో ఉంటాయని పిల్లలు అడిగారు.

“మా ఇంట్ల,” అన్నాడు లాల్‌సింగ్.

ఇప్పుడు అక్కడ ఎవరున్నారని అడిగారు.

లాల్‌సింగ్ పుస్తకం మూసి, ఎక్కాలు చెప్పించాడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. “మన ఫ్యాను ఇప్పుడు గూడ తిరుగుతనే ఉంటదా?” అన్నాడు.

“అవ్. తిరగాలె,” అంది హేమ్లి. “ఆ పిల్లతల్లి ఇంట్ల బల్బు ఆరొద్దంటే తిరగాలె. తిను.”

ఆగస్టు మొదట్లో దంపతులు వచ్చి లెక్కలు కట్టారు. ఫ్యాను ఆపితే తగ్గింపు నలభై శాతం దాటుతుంది. బల్బు ఆపితే ముప్పైకి అందదు. టీవీ ఒక్కటే చట్టానికి సరిగ్గా సరిపోయింది. దాన్ని ఆపేసి పోయారు. (సీరియల్ ఆగినందుకు తండా ఆడవాళ్లు వారం రోజులు హేమ్లి పేరెత్తలేదు.) సెప్టెంబరు ఆఖరుకు మీటరు నూట నలభై తిరిగింది. సరిగ్గా మూడో వంతు తగ్గింది.

దసరా సెలవుల్లో బాలకృష్ణ పూలదండతో, ఫొటోగ్రాఫరుతో, చట్రం కట్టిన ప్రశంసాపత్రంతో తండాకు వచ్చాడు. డివిజన్‌లో ప్రథమ స్థానం. పత్రం ఇంటి నంబరు మీద ఉంది. అందులో మనుషుల పేర్లు లేవు. పొదుపు చేసింది ఇల్లు కనుక దండ ఇంటికే వేయాలన్నాడు. తలుపు మూసి, తాళం వేయించి, తాళానికి దండ తగిలించాడు. ఫొటోలో నిర్జన గృహం మాత్రమే పడాలి కనుక దంపతుల్ని పక్కకు జరగమన్నాడు. ఇంకొంచెం జరగమన్నాడు. హేమ్లి కొంగు కనబడుతోందని ఇంకొంచెం జరగమన్నాడు. తండావాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరుస పిల్లతల్లి అందరికంటే గట్టిగా కొట్టింది.

బాలకృష్ణ నిజంగానే సంతోషించాడు. “ఇట్లాంటి ఇళ్లుంటే మాకు ఉత్సాహంగా ఉంటుంది మాస్టారూ. ఏదైనా అవసరముంటే మొహమాటపడకుండా అడగండి.”

లాల్‌సింగ్ నేల చూశాడు. హేమ్లి ముందుకొచ్చింది.

“మా బడికి ఒక్క బల్బు కావాలె సార్. వెదురుగుంపుల. క్యాంపు కాడి స్తంభం నుంచి నాలుగు స్తంభాలేస్తే చాలు. మబ్బు పడితే పిల్లలకు అచ్చరం కనబడ్తలేదు.”

బాలకృష్ణ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. జీపు బానెట్ మీద కాగితం పరిచి, కలం మూత తీసి, బడి పేరు రాసుకున్నాడు. ఊరు రాసుకున్నాడు.

“ఆ బడిలో ఎవరైనా ఉంటారా అమ్మా?”

“ముప్పై ఒక్క మంది పిల్లలుంటరు సార్.”

బాలకృష్ణ కలానికి మూత పెట్టాడు.

“అయ్యో, ఉంటే మా పరిధిలోకి రాదమ్మా,” అన్నాడు బాధగా. “ఖాళీ అయినాక ఒక అర్జీ పెట్టండి. నెల తిరక్కుండా లైను వేయిస్తాను.”