పాత విగ్రహం, కొత్త రోమన్ పేరు

రోమన్ పేర్లు మన రోడ్స్ ద్వీపానికి పట్టిన అదృష్టం! ఎవరేమనుకున్నా నేనీ మాట మీదే నిలబడతాను.

ఒకప్పుడు మన పేర్లు ఎంత బక్కగా ఉండేవో గుర్తుందా? దామాస్. అంతే. నోరు తెరిచేలోపే అయిపోయేది. చేపల అంగడి దామాస్ రోమ్ పౌరసత్వం పుచ్చుకుని, ఇప్పుడు తిబేరియస్ క్లాడియస్ దామాస్ అయ్యాడు. చేపలు అవే, వాసనా అదే. కానీ అంత పేరున్న మనిషితో బేరమాడే ధైర్యం ఎవరికుంది? వాళ్లావిడ మాత్రం ఇంకా "ఏమయ్యా, ఇలా రా" అనే పిలుస్తోంది. పాపం, ఆవిడకింకా అలవాటు కాలేదు.

నాణేల సంగతి చూడండి. వెనకటికి ఓ పక్క సూర్యదేవుడు, ఓ పక్క గులాబీ ఉండేవి. ఇప్పుడు అధికారిగారి పేరు చుట్టూ తిప్పి తిప్పి రాసేసరికి గులాబీకి రేకులు వేసే చోటు మిగల్లేదు. గులాబీలకేం, తోటలో బోలెడున్నాయి.

అసలైన మేలు విగ్రహాల దగ్గర జరిగింది. రోమ్ నుంచి పెద్దమనిషి ఓడ దిగితే విగ్రహం పెట్టి గౌరవించాలా, వద్దా? కంచు పోత పోయించేసరికి ఆయన కాస్తా వెళ్లిపోతాడు. అందుకని మన నగరసభ ఓ ఉపాయం కనిపెట్టింది. వీధిలో నిలబడ్డ పాత విగ్రహాల్లో ఒకదాన్ని ఎంచుకుని, పీఠం మీది పేరు గీకేసి, కొత్త పేరు చెక్కిస్తారు. భోజనాల వేళకు పని పూర్తి! మొన్నామధ్య ఓ గడ్డం ముసలాయన, మీసమైనా లేని కుర్ర రోమన్ అధికారిగా మారిపోయాడు. గడ్డం ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

కిందటి వసంతంలో ఆ భాగ్యం మా తాతకే పట్టింది. అమ్మ వాళ్ల నాన్న, నికాగోరస్. భూకంపంలో రేవు గోదాము కూలినప్పుడు, లోపల చిక్కుకున్నవాళ్లను ఒక్కొక్కరినే బయటికి లాగి, చివరికి తను లోపలే ఉండిపోయాడు. బతికినవాళ్లంతా కలిసి పెట్టించిన విగ్రహం అది. ఇప్పుడది రోమ్ నుంచి వచ్చిన అధికారి గాయస్ వెట్టియస్ పావుల్లస్ గారిదయింది.

ఆ పావుల్లస్ మీద చక్రవర్తికి కోపమొచ్చింది. వెంటనే ఆయన పేరూ గీకేశారు. ఈ కబురు తెలిసి మా అమ్మ కల్లిక్సేనా సభ గుమాస్తా దగ్గరికి పరుగెత్తింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"ఖాళీగానే ఉందిగా నాయనా, మా నాన్న పేరు మళ్లీ చెక్కించు."

"ఖాళీ కాదమ్మా, రిజర్వు. కొత్త గవర్నరుగారొస్తున్నారు. మీ నాన్నకీ ఓ రోమన్ పేరుంటే, ఎక్కడో ఓ మూల చూసేవాళ్లం. ముందో తిబేరియస్ తగిలిద్దామా?"

"ఆ పేరుతో పిలిస్తే మా నాన్న పలకడు" అంది అమ్మ.

గవర్నరు రానే వచ్చాడు. తన పేరు చెక్కిన విగ్రహం ముందు నుంచే పల్లకీలో వెళ్లాడు. తలైనా తిప్పలేదు. "ఇక్కడ కాస్త నీడెక్కడ దొరుకుతుంది?" అని మాత్రం అడిగాడు.

పేరు చెక్కమని ఆయన అడగలేదు. పావుల్లసూ అడగలేదు. ఆ పీఠం రాతి మీద ఫలానా పేరుండాలని ఇంతవరకూ మనల్ని అడిగింది మా అమ్మ ఒక్కతే.