అష్టదంత సంగ్రామము

మిట్టమధ్యాహ్న మార్తాండుడు తన సహస్రకరములతో వీధిలోని రేకుల కప్పులన్నింటిని కాలిన పెనములుగా మార్చుచున్న వేళ, కుట్టుమిషను దుకాణమునకును పంక్చరు దుకాణమునకును నడుమ ఇరుకుకొని నిలిచిన ఒకానొక ప్రింటింగు షాపునందు, ఫ్యాను గాలి దారి తప్పియైనను రాని మూల కుర్చీలో, ఎడమచేత కీబోర్డును కుడిచేత మూషికమును ధరించి కూర్చున్న డిజైనరు పరాక్రమమును గానము చేయుచున్నాను. వినువారు ఫోన్లను బోర్లించి పెట్టుదురు గాక!

ఆ మూషికధారిణికి శత్రువులు లేరు, అక్క ఉన్నది. ఆ అక్క దంతవైద్యురాలు. సాయంకాలము ఆమె కొత్త క్లినిక్కు తెరుచుకొనవలెను, గుమ్మముపై ఇంకను బోర్డు లేదు. "బొమ్మలేసుకునే దానికి ఎందుకే ఇవ్వడం, ఏదైనా పెద్ద షాపులో చేయించుకోరాదూ?" అని తల్లి ఎంత మొత్తుకొన్నను వినక, అక్క పట్టుబట్టి చెల్లెలికి అప్పగించిన పని అది. చదువును నడిమధ్య వదలి బొమ్మలలో పడిన ఆ చెల్లెలికి, ఇంటివారి ఎదుట తలయెత్తుకొనుటకు దొరికిన తొలి అవకాశము కూడ అదియే.

తెరపైని బోర్డు నమూనా నడుమ ఒక నవ్వు. ఆ నవ్వులో ఎనిమిది పళ్ళు. ఈ కొసన ఆ కొసన గజకుంభములవంటి దవడపళ్ళు, వాని సరసన ఖడ్గాగ్రములవంటి కోరపళ్ళు, మధ్యభాగమున నాలుగు సుకుమార ముందుపళ్ళు. ఆ అష్టదంతములను ఒక్కుమ్మడిగా వలవేసి పట్టి, సమదూరమున నిలువుడని డిజైనరు మీట నొక్కగా, అవి కవాతు సేనవలె నిలిచినవి. ఆమె వెనుకకు వాలి సుఖముగా ఒళ్ళు విరుచుకొనుచుండగా అక్క ప్రవేశించెను.

పరుల నోళ్ళలో లోపములు వెదకి వెదకి పదునెక్కిన ఆ దృష్టి తెరపై వాలినది.

"ముందుపళ్ళ మధ్య ఆ సందులేంటే?"

"సందుల్లేవక్కా. కంప్యూటరే సమానంగా సర్దింది."

"కంప్యూటర్‌కి పళ్ళున్నాయా తెలియడానికి? పళ్ళ డాక్టర్ బోర్డు మీద సందుల పళ్ళా! నీ పళ్ళకి క్లిప్పు వేస్తానంటే పారిపోయావు సరే, ఆ సందు తెచ్చి నా బోర్డు మీద పెట్టాలా?"

అంతలో షాపు యజమాని వెనుకగది నుండి కంచుకంఠముతో పలికెను: "ఇదిగో అమ్మాయ్, మిషన్ ఖాళీ అయింది. ఫైల్ ఇప్పుడిస్తే ఇచ్చినట్టు. లేదంటే టైల్స్ కొట్టువాళ్ళ బ్యానర్లు ఎక్కించేస్తా. అవి ఎక్కితే ఇవాళ్టికి దిగవు."

ఇట్లు ముందు నుయ్యి, వెనుక టైల్స్ కొట్టు అయిన సమయమున, డిజైనరు రోషారుణనేత్రయై మూషికమును బిగించి పట్టి, ఒక కోరపంటిని రవ్వంత జరుప బూనెను. అది జరిగినట్లే జరిగి, పక్కనున్న ముందుపంటికి పోయి అతుక్కొనెను. మరల విడదీసెను, మరల అతుక్కొనెను.

"ఒసే కోరపన్నూ! నీకేం పోయేకాలమే? ఇక్కడ నిలబడవే అంటే దానిమీద పడి చస్తావేం? ఇంకొక్కసారి అంటుకున్నావంటే పీకి పారేస్తా!"

ఈ సింహనాదమునకు పక్క దుకాణమున టైరుకు గాలి కొట్టువాడు క్షణకాలము నిశ్చేష్టుడయ్యెను. అక్కకు మాత్రము వృత్తిరీత్యా ఆ మాట కొత్త కాదు.

ఇది పంటి పొగరు కాదు, సాయము చేయు నెపమున ప్రతి వస్తువును సమీపరేఖకు లాగి అంటించు 'స్నాప్' అను మాయ అని గ్రహించి, వీరనారి దానిని ఆర్పివేసెను. ఆర్పి, చేతితో సర్దసాగెను. ముగ్గురి సీటున నలుగురు కూర్చున్న బస్సులో ఒకరు జరిగిన వేరొకరు జారినట్లు, ఒక సందు మూసిన మరియొక సందు తెరుచుకొనుచుండెను. విసిగి, మరల మొదటి మీటనే నొక్కి పళ్ళను యథాస్థానములకు చేర్చెను.

"అక్కా, అంకెలు చూడు! అన్నీ సమానం. తేడా నీ కళ్ళలోనే ఉంది."

"వీధిలో పోయేవాళ్ళు అంకెలు చూస్తారా, పళ్ళు చూస్తారా?"

పుట్టినది మొదలు అక్క మాటయే ఒప్పగుచుండుట డిజైనరు గుండెలో ఎంతకాలముగానో ములుకై ఉన్నది. ఆ ములుకుతోనే తెరవంక మరల చూచెను. చూచి, నాలుక కరుచుకొనెను. యంత్రము సమముగా పంచినది పళ్ళ నడుముల మధ్య దూరమును! దవడపళ్ళు బొద్దు, ముందుపళ్ళు సన్నము. నడుములు సమదూరముననే ఉన్నను, బొద్దువాని పక్కన ఇరుకు, సన్నవాని పక్కన సందు.

"నువ్వన్నదే నిజమక్కా. సందులున్నాయి."

"ఏంటీ? ఇంకోసారి చెప్పు."

"చెప్పను."

నడుములను విడిచి నడిమి ఖాళీలను సమము చేయు మీటను వెదకి నొక్కగానే, అష్టదంతములు ఒక్కసారిగా కదలి కుదురుకొన్నవి.

"హమ్మయ్య! బ్రహ్మాండంగా ఉంది, పంపించెయ్" అని అక్క. "ఇచ్చెయ్ అమ్మాయ్" అని యజమాని.

"ఒక్క క్షణం ఆగండి" అని డిజైనరు.

కనురెప్ప వేయక చూచి, ఎడమ కోరపంటిని ఒక్క బాణపు మీటతో కుడికి, కుడి కోరపంటిని ఒక్క బాణపు మీటతో ఎడమకు జరిపెను.

"ఇప్పుడేం చేశావే? ఏమీ కదల్లేదుగా!"

"కోరపళ్ళ మొనలు బయటికి వాలాయి కదా. కొలతకి సరిపోయినా కంటికి దూరంగా అనిపిస్తున్నాయి. చూడు, ఇది ముందు... ఇది ఇప్పుడు."

అక్క కళ్ళద్దములు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకొని, ముక్కు తెరకు తగులునంతగా వంగెను. చాలసేపు అట్లే ఉండెను. పిదప పక్కనున్న స్టూలు లాగుకొని, చెల్లెలి పక్కన మెల్లగా కూర్చుండెను.

"అవునే," అనెను. "నాకు కనపడనే లేదు."

డిజైనరు ఫైలును పంపిన మరుక్షణమే వెనుకగదిలో యంత్రము మేఘగంభీరముగా ఉరుమనారంభించెను. లోకులారా, వినుడు! వీధిన పోవు ఏ ఒక్కరును ఎన్నడును గమనింపబోని, వెంట్రుకలో సగమైన లేని ఆ దూరమును, సాక్షాత్తు అక్కకంటె ముందుగా చెల్లెలు చూచెను, జరిపెను, జయించెను!